"మిలిటరీ సిటిజన్లకి, ఉద్యోగాలు ఫారినర్లకి": ఆ సింగపూర్ ఫార్వర్డ్‌లో ఎంత నిజం

మన తెలుగు గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, సింగపూర్‌లో ఉన్నోళ్ళకి ఇప్పటికే నాలుగైదు చోట్ల నుంచి వచ్చుంటుంది. చూడనోళ్ళకి సారాంశం ఇది: సింగపూర్‌లో సిటిజన్ కుర్రాళ్ళు రెండేళ్ళు మిలిటరీలో ఊడిగం చేస్తుంటే ఈలోగా ఫారినర్లు వచ్చి ఉద్యోగాలన్నీ ఎగరేసుకుపోతున్నారు, ఇండియాతో సీకా అనే వాణిజ్య అగ్రిమెంట్ ఉంది కాబట్టి మనోళ్ళకి వీసా గ్యారంటీ, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ, అంటే సిటిజన్ కాకుండానే శాశ్వతంగా ఉండే హక్కు) తీసుకున్నోళ్ళ పిల్లలెవరూ ఆర్మీకి వెళ్ళరు, టైమొచ్చినప్పుడు పీఆర్ వదిలేస్తే సరిపోద్ది, సిటిజన్లకి ఒరిగేదేం లేదు కాబట్టి తెలివైనోడెవడూ అక్కడ సిటిజన్‌షిప్ తీసుకోడు. కింద చప్పట్లు కొట్టే బొమ్మలు, "మనోళ్ళు మామూలోళ్ళు కాదు" అని కామెంట్లు.

తమాషా ఏంటంటే ఇందులో మొదటి సగం అక్కడి లోకల్ వాళ్ళ కడుపుమంట, రెండో సగం మనవాళ్ళ గొప్పలు. రెండూ కలిపి ఒకే మెసేజ్‌లో వండేశారు. వాళ్ళ బాధలో నిజం ఉంది, మన గొప్పల్లో లేదు, ఆ తేడా తెలీకుండా షేర్ చేసేస్తున్నారు.

ముందు ఆ "రెండేళ్ళు" సంగతి. ఇది తప్పు కాదు గానీ సగమే. నేషనల్ సర్వీస్, అక్కడ అందరూ ఎన్ఎస్ అంటారు, 1967లో మొదలైంది. 1965లో మలేషియా నుంచి విడిపోయేనాటికి వాళ్ళ చేతిలో ఉన్నది రెండు ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లు, ఇంకో ఆరేళ్ళకే బ్రిటిష్ వాళ్ళు బేస్‌లు మూసేసి వెళ్ళిపోయారు, కాబట్టి వాళ్ళకి వేరే దారి లేదు. మొదట్లో రెండున్నరేళ్ళ దాకా ఉండేది, 2004 చివర్లో రెండేళ్ళకి తగ్గించారు. కానీ ఆ రెండేళ్ళతో అయిపోదు, అసలు సినిమా తర్వాతే. రిజర్విస్ట్ కింద, అంటే సర్వీస్ అయిపోయాక కూడా మళ్ళీ మళ్ళీ క్యాంపుకి పిలిచే పద్ధతిలో, పది విడతలు, ఏడాదికి గరిష్టంగా 40 రోజుల దాకా పిలవొచ్చు, మామూలు సైనికుడైతే 40 ఏళ్ళ వయసొచ్చే దాకా, ఆఫీసరైతే 50 దాకా ఆ బాధ్యత ఉంటుంది. పైగా ఏటా ఫిట్‌నెస్ టెస్ట్, పుషప్‌లు, సిటప్‌లు, 2.4 కిలోమీటర్ల పరుగు.

ఇది కాగితం మీద చదివితే అర్థం కాదు. మా టీమ్‌లో ఒక లోకల్ అబ్బాయి ఉన్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ప్రాజెక్టు రిలీజ్ నెత్తి మీదుండగా రెండు వారాలు క్యాంపుకెళ్ళాడు, వచ్చేసరికి అతని పనంతా వేరేవాళ్ళకి పంచేశారు, అందులో సగం నాకే వచ్చింది. అతను నాకు చూపించింది తన బూట్లు. ఏడాదంతా స్టోర్ రూమ్‌లో మూలపడి ఉన్న బూట్లకి జిగురు ఎండిపోయి మార్చ్ మధ్యలో అడుగు ఊడొచ్చింది, టేప్ చుట్టుకుని నడిచాడంట. నవ్వుతూనే చెప్పాడు. కానీ అదే నవ్వుతో "నువ్వు ఏనాడూ ఇలా వెళ్ళాల్సిన పని లేదు కదా" అన్నాడు చూడండి, దానికి నా దగ్గర జవాబు లేదు. నాకు పీఆర్ ఉద్యోగం మీద వచ్చింది, నాలాంటి మొదటి తరం వాళ్ళకి ఎన్ఎస్ లేదు, రూలే అంత. జీతం సంగతి అంటారా, క్యాంపులో ఉన్న రోజులకి సివిలియన్ జీతం నష్టపోకుండా ప్రభుత్వం కడుతుంది, ఎన్ఎస్ వంక పెట్టి ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని కూడా చట్టంలో ఉంది. కానీ చేజారిన ప్రాజెక్టుకీ, ఆగిపోయిన ప్రమోషన్‌కీ ఎవరు లెక్క కడతారు? ఫార్వర్డ్ రాసినాయన అసలు బాధ వదిలేసి రెండేళ్ళ లెక్క పట్టుకున్నాడు.

ఇప్పుడు ఉద్యోగాలన్నీ ఫారినర్లకేనన్న మాటకొద్దాం. 2024 లెక్క ప్రకారం సింగపూర్ జనాభా 60.4 లక్షలు, అందులో సిటిజన్లు 36.4 లక్షలు, పీఆర్‌లు 5.4 లక్షలు, మిగతా 18.6 లక్షల మంది ఏ పాస్ మీదో ఉన్నోళ్ళు. ఈ ఆఖరి అంకె చూపించి "చూశారా" అంటారు. ఆ 18.6 లక్షల్లో అందరికంటే ఎక్కువమంది ఎవరు? వర్క్ పర్మిట్ వాళ్ళు. బిల్డింగులు కట్టేవాళ్ళు, షిప్‌యార్డుల్లో వెల్డింగ్ చేసేవాళ్ళు, లారీ వెనక కూర్చుని పనికెళ్ళేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. మన వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళూ ఉన్నారు వాళ్ళలో, ఏజెంటుకి కట్టిన అప్పు తీరడానికే ఏడాది పైన పడుతుంది. భార్యాపిల్లల్ని తెచ్చుకోడానికి లేదు, డార్మిటరీలో పడుకోవాలి. వీళ్ళు ఏ సింగపూర్ డిగ్రీ కుర్రాడి ఉద్యోగం లాక్కున్నారో చెప్పమనండి.

పోటీ నిజంగా ఉన్నది పైన, ఆఫీసు ఉద్యోగాల్లో, అంటే ఎంప్లాయ్‌మెంట్ పాస్ దగ్గర. అక్కడ కూడా తలుపులు బార్లా తెరిచేం లేవు. 2025 జనవరి నుంచి కొత్త అప్లికేషన్‌కి నెలకి కనీస జీతం 5,600 సింగపూర్ డాలర్లు, ఫైనాన్స్ అయితే 6,200, వయసు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఉద్యోగాన్ని ముందు 14 రోజులు గవర్నమెంట్ పోర్టల్‌లో ప్రకటించాలి. 2023 సెప్టెంబరు నుంచి కంపాస్ అని పాయింట్ల పద్ధతి పెట్టారు, 40 పాయింట్లు రావాలి. ఆ పాయింట్లలో ఒకటి మనోళ్ళు బాగా చదువుకోవాల్సింది: ఆ కంపెనీలో ప్రొఫెషనల్ ఉద్యోగుల్లో నీ దేశస్థులే పాతిక శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ ఖాతాలో నీకొచ్చేది సున్నా. అంటే మన బాస్ మనోడు, ఆయన బాస్ కూడా మనోడు, టీమంతా మనోళ్ళే అని మురిసిపోయే కంపెనీలోకే ఇంకో ఇండియన్ రావడం కష్టం. ఈ రూల్ ఊరికే పెట్టలేదు, లోకల్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఇదే మొత్తుకున్నారు, వాళ్ళు మొత్తుకున్నదాంట్లో నిజం ఉంది కాబట్టే పెట్టారు.

సీకా. అబ్బా, ఈ సీకా. 2005లో ఇండియాకీ సింగపూర్‌కీ మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం, అందులో ప్రొఫెషనల్స్ గురించి ఒక చాప్టర్ ఉంది, 127 వృత్తుల లిస్టు ఉంది. లిస్టులో మీ వృత్తి ఉందంటే అప్లై చేసుకోవచ్చని అర్థం, వీసా ఇచ్చేస్తారని కాదు, జీతం రూలూ మిగతా రూళ్ళూ అందరిలాగే మీకూ వర్తిస్తాయి. కంపెనీ లోపలి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్ళకి వేరే దారి ఉంది కదా అంటారు, 2021లో ఈ గొడవంతా పార్లమెంటుకెక్కినప్పుడు మంత్రులు అంకెలు బయటపెట్టారు: అంతకుముందు ఏడాది ఆ దారిలో ఇండియా నుంచి వచ్చి పనిచేస్తున్నోళ్ళు సుమారు 500 మంది. ఐదొందలు! ఈ ఐదొందల మీద అక్కడ ఎన్ని తిట్లు, ఇక్కడ ఎన్ని గొప్పలు.

అలాగని ఇండియన్లు పెరగలేదని అనను. అదే చర్చలో చెప్పారు, ఎంప్లాయ్‌మెంట్ పాసుల్లో మన వాటా 2005లో 14 శాతం, 2020కి దాదాపు 25 శాతం. ఆ పదిహేనేళ్ళలో మొత్తం పాసులు 65 వేల నుంచి 1,77,000 అయ్యాయి, అదే కాలంలో ప్రొఫెషనల్ ఉద్యోగాల్లో లోకల్ వాళ్ళు 3,80,000 మందికి పైగా పెరిగారు. కాబట్టి "అన్నీ లాగేసుకున్నారు" తప్పు. కానీ బ్యాంకు బిల్డింగులో లిఫ్ట్ ఎక్కితే చుట్టూ హిందీ, తెలుగు వినపడే లోకల్ అబ్బాయికి ఈ 3,80,000 చెప్తే వింటాడా, అతనికి కనపడేది లిఫ్టే.

ఇక అసలు పాయింటు, నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. "పీఆర్ వాళ్ళ పిల్లలు ఎవరూ వెళ్ళరు." ఎవరూ అంటే ఎవరూనా? తల్లిదండ్రుల స్పాన్సర్ మీద పీఆర్ వచ్చిన మగపిల్లలందరికీ ఎన్ఎస్ తప్పనిసరి, సిటిజన్ పిల్లలతో సమానంగా. 2011లో పార్లమెంటులో రక్షణ మంత్రి లెక్క చెప్పారు, 2006 నుంచి 2010 దాకా ఐదేళ్ళలో సర్వీస్ చెయ్యకుండా పీఆర్ వదిలేసినోళ్ళు సుమారు 4,200, అంటే మూడోవంతు. మిగతా 8,800 మంది చేరారు, లేదా చదువు కోసం వాయిదా తీసుకున్నారు. మూడింట రెండొంతుల మంది పిల్లల్ని ఈ ఫార్వర్డ్ ఒక్క ముక్కలో మాయం చేసేసింది.

మనోళ్ళ పిల్లలూ ఉన్నారండీ వాళ్ళలో. మా ఫ్లాట్స్‌లో ఉండే ఒకావిడ, భీమవరం వాళ్ళు, పెద్దాడు చేరేరోజు మమ్మల్నీ రమ్మన్నారు. టెకాంగ్ అని ఒక దీవి, చాంగీ దగ్గర ఫెర్రీ ఎక్కాలి. తల్లిదండ్రులకి బ్యారక్‌లో మంచాలు చూపిస్తారు, కుక్‌హౌస్‌లో భోజనం పెడతారు, వెజిటేరియన్ కూడా ఉంటుంది, పిల్లలు నిలబడి ప్రమాణం చేస్తారు, అంతే, ఇక మీరు వెళ్ళండంటారు. ఆవిడ భోజనమంతా "పెరుగు లేదేంట్రా, రెండేళ్ళు ఎలా ఉంటావురా" అంటూనే ఉంది, వాడేమో "అమ్మా మెల్లగా, అందరూ వింటున్నారు" అని పళ్ళు నూరుతున్నాడు. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు గుండు, మెడ మీద ఎండకి కమిలిన గీత, మాటకి ముందు ఆర్మీ మలయ్ ముక్కలు. వాడి చేతిలో అప్పటికి ఇండియన్ పాస్‌పోర్టే ఉంది. ఆ అబ్బాయి ఫోనుకి కూడా వచ్చుంటుంది ఈ మెసేజ్, ఏ బాబాయో పంపుంటాడు.

"సిటిజన్లకి ఒరిగేదేం లేదు" అనేది శుద్ధ అబద్ధం. కొత్త ప్రభుత్వ ఫ్లాట్ కొనాలంటే ఇంట్లో కనీసం ఒక్క సిటిజన్ ఉండాలి, మొత్తం పీఆర్ కుటుంబమైతే మూడేళ్ళు ఆగి పాత ఫ్లాటే కొనుక్కోవాలి, ఫారినర్ ఏ ఇల్లు కొన్నా 2023 ఏప్రిల్ నుంచి అదనపు స్టాంప్ డ్యూటీ 60 శాతం. స్కూల్ ఫీజులు, సీట్లు, ఆసుపత్రి సబ్సిడీ అన్నిట్లో సిటిజన్ ముందు. ఎన్ఎస్ ట్రైనింగులో ఇచ్చే నెల అలవెన్స్ మాత్రం తక్కువే, కొత్తగా చేరినోడికి 800 డాలర్ల లోపు, అదేం జీతం అని వాళ్ళే జోకులేసుకుంటారు.

కానీ ఇక్కడొక మాట ఒప్పుకోవాలి, ఇది ఫార్వర్డ్‌లో లేదు, ఉండాల్సింది. ఈ సౌకర్యాలు సిటిజన్‌షిప్‌కి వచ్చేవి, సర్వీస్‌కి వచ్చేవి కావు. నాలాంటోడు నలభై ఏళ్ళకి సిటిజన్‌షిప్ తీసుకుంటే ఒక్కరోజు బూటు వెయ్యకుండా అదే ఫ్లాట్‌కి అర్హుడు. సర్వీస్ చేసినోళ్ళకి విడిగా కొంత డబ్బు ఖాతాల్లో వేస్తారు, నిజమే, కానీ రెండేళ్ళకీ, ఆ తర్వాత పదేళ్ళ పిలుపులకీ అది ఏ మూలకి? మొదటి తరం పీఆర్‌లూ, కొత్త సిటిజన్లూ, ఆడవాళ్ళూ స్వచ్ఛందంగా చేరొచ్చని 2014లో వాలంటీర్ కోర్ పెట్టారు, చాలా మంచిది, కాకపోతే అది ఇష్టమైతే చేరేది, ఎన్ఎస్ అయితే చేరకపోతే జైలు. లోకల్ వాళ్ళ కోపానికి అసలు కారణం నా దృష్టిలో ఇదీ, సీకా కాదు. దీనికి ప్రభుత్వం దగ్గర కూడా సరైన సమాధానం లేదనే నా అభిప్రాయం.

ఆఖరిది, అన్నిటికంటే ప్రమాదకరమైనది. "టైమొచ్చినప్పుడు పీఆర్ వదిలేస్తే సరిపోద్ది." ఎవరో దీన్ని నమ్మి పిల్లాడి బతుకు మీదకి తెస్తారని నా భయం. సర్వీస్ చెయ్యకుండా పీఆర్ వదిలేసిన అబ్బాయి రేపు అక్కడ చదువుకో, ఉద్యోగానికో అప్లై చేస్తే ఆ విషయం లెక్కలోకి తీసుకుంటామని సింగపూర్ ప్రభుత్వం బాహాటంగానే చెప్తోంది. తల్లిదండ్రుల రీ-ఎంట్రీ పర్మిట్ (పీఆర్ వాళ్ళు దేశం బయటికెళ్ళి పీఆర్ పోకుండా తిరిగి రావడానికి కావాల్సినది) రెన్యువల్ మీద కూడా దెబ్బ పడొచ్చు. వదిలెయ్యకుండా, వెళ్ళకుండా తప్పించుకు తిరిగితే 10,000 డాలర్ల దాకా జరిమానా లేదా మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండూ. ఒకప్పుడు ఇంత గట్టిగా లేదు. 2005లో మెల్విన్ టాన్ అనే పియానో కళాకారుడు దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత తిరిగొస్తే 3,000 డాలర్ల జరిమానాతో వదిలేశారు, జనం భగ్గుమన్నారు, మా పిల్లలు రెండేళ్ళు చేస్తే ఈయన చెక్కు రాసిస్తే సరిపోయిందా అని, ఆ మరుసటి ఏడాదే జరిమానా పెంచి జైలు శిక్షల దాకా బిగించారు. అంటే ఇందులో మినహాయింపులంటే అక్కడ మామూలు మనుషులకే పడదు, ప్రభుత్వం సంగతి తర్వాత.

ఇంకోటి, "ఇంజనీరింగ్ హైదరాబాద్‌లో చదివించి ఆ తర్వాత చూద్దాం" అనేవాళ్ళకి: వాయిదా పన్నెండో తరగతి స్థాయి చదువుకో, పాలిటెక్నిక్ డిప్లొమాకో ఇస్తారు, డిగ్రీకి మామూలుగా ఇవ్వరు. పదహారున్నరకి రిజిస్టర్ చేసుకోవాలి. అంతకుముందే, పిల్లాడికి 13 నిండినప్పటి నుంచీ ఎక్కువకాలం దేశం బయట ఉంచాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి, రెండేళ్ళు దాటితే హామీగా బాండ్ కూడా, 75,000 డాలర్లు లేదా తల్లిదండ్రులిద్దరి ఏడాది ఆదాయంలో సగం, ఏది ఎక్కువైతే అది. పిల్లాడిని పీఆర్ అప్లికేషన్‌లో చేర్చాలా వద్దా అనేది ఎవరిష్టం వాళ్ళది, చేర్చకుండా స్టూడెంట్ పాస్ మీదో డిపెండెంట్ పాస్ మీదో ఉంచినోళ్ళు ఉన్నారు, అందులో తప్పేం లేదు. చేర్చాక మాత్రం ఫార్వర్డ్ చూసి కాదు, ఆ పర్మిట్ ఫారం చూసి నిర్ణయం తీసుకోండి, అదీ వాడు ఏడో క్లాసులో ఉండగానే.