టిన్ క్యాప్స్యూల్ గారి సముఖానికి

మహారాజశ్రీ టిన్ క్యాప్స్యూల్ గారికి, ఐసోటోప్ ల్యాబ్ వారు నమస్కరించి రాయునది ఏమనగా, సిలిండర్‌లో, వాయువులను యంత్రం గుండా మోసుకెళ్లే హీలియం ఉన్నంతవరకు ఇక్కడ అందరం క్షేమం.

తమరు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 9 మిల్లీమీటర్ల ఎత్తు. చూపుకు రేకు ముక్క, పనికి శాంపిల్‌ను పొట్టన పెట్టుకుని యంత్రపు కొలిమిలో మండే గిన్నె. కానీ స్థిర ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న, క్షీణించని పరమాణువులతో) ఎవరు ఏం తింటున్నారో తేల్చి, ఆ చదువుతో పైకి రావాలనుకునే వారెవరైనా ముందు తమరి మెడ నులమడం నేర్చుకోవాల్సిందే. మిక్సింగ్ మోడళ్లు (తిండిలో దేని వాటా ఎంతో తేల్చే లెక్కలు) వల్లించి వచ్చిన విద్యార్థి చేతిలో మొదట పెట్టేది రెండు ఫోర్సెప్స్. ఆరబెట్టి మెత్తగా నూరిన చేప కండ 0.5 నుంచి 1 మిల్లీగ్రాము తూచి, తమరి పై అంచు నొక్కి, మడిచి, గాలి మిగలకుండా ఉండ చుట్టాలి. దాన్ని శుభ్రమైన అద్దం మీద రెండు మూడుసార్లు జారవిడవాలి. పొడి రాలిందా, చిల్లు పడ్డట్టే, మళ్లీ మొదటికి. ట్రేకి ఇలాంటి గుంతలు 96.

చిల్లు సంగతి నయం. పొడి పోతే నైట్రోజన్ శాతం తప్పుతుంది గానీ ఐసోటోప్ నిష్పత్తి (బరువు నైట్రోజన్-15, తేలిక నైట్రోజన్-14ల పాళ్లు) సాధారణంగా నిలబడుతుంది. తమరి మడతల్లో దాక్కునే గాలే అసలు దొంగ. ఈ కొలతకు గాలిలోని నైట్రోజనే సున్నా. అందుకే కలప, మట్టి లాంటి నైట్రోజన్ అంతంతమాత్రపు శాంపిళ్ల విలువను అది చడీచప్పుడు లేకుండా సున్నా వైపు లాగేస్తుంది. ఆ అంకెకు చక్కటి జీవావరణ వివరణ రాసిపెట్టేవాళ్లకు లోటేం లేదు.

ఉండ కాస్త పొడవుగా వస్తే ఆటోశాంప్లర్‌లో (శాంపిళ్లను ఒక్కొక్కటిగా కొలిమిలోకి జారవిడిచే పరికరంలో) ఇరుక్కుంటారు. తర్వాతి వారొచ్చి నెట్టాక ఇద్దరూ కలిసి కొలిమిలోకి దూకుతారు. వెయ్యి డిగ్రీల కొలిమిని ఆక్సిజన్ తగలగానే క్షణకాలం 1800 దాకా లేపే ఘనత తమరిదే, కాదనం. కానీ మాకు మిగిలేది ఒక వరుసలో ఖాళీ, తర్వాతి వరుసలో గ్రాఫ్‌పై ఇద్దరూ కలిసిన ఒకే శిఖరం. ఎక్కించేటప్పుడే ఒక గడి తప్పితే ఇంకా వినోదం. తిండి గొలుసులో మెట్టుకు వెయ్యికి సుమారు 3.4 చొప్పున నైట్రోజన్-15 విలువ పెరగాలి కదా. తమరి పుణ్యాన నాచు చేపను తింటుంది. 10, 12 శాంపిళ్లకొకటి పెట్టిన, విలువ ముందే తెలిసిన స్టాండర్డ్ తన చోట కనబడనప్పుడే మాకు మెలకువ వస్తుంది.

నీటి కెమిస్ట్రీ వాళ్లు తమరి పీడ లేదని మురుస్తుంటారు. వాళ్ల 2 మిల్లీలీటర్ల సీసాకు మూత వదులైతే చాలు, తేలిక అణువులు ముందు లేచిపోయి మిగిలిన నీరు బరువెక్కుతుంది. వాన నీరు కాస్తా ఎండకు ఇంకిన చెరువు నీరవుతుంది. అయినా ఆ చెరువును వడకట్టి, గాజునార ఫిల్టర్ మీద మిగిలినదాన్ని కొలవాలంటే వాళ్లూ తమరి గుమ్మం తొక్కాల్సిందే. కార్బోనేట్ పోవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి పట్టాలి. ఆ ఆవిరికి తమరు పెళుసెక్కి చేతిలోనే పొడి అవుతారు. కనుక వెండి క్యాప్స్యూల్‌లో ఆవిరి పట్టి, ఆరబెట్టి, తిరిగి తమరిలో చుట్టడం. వెండికి తమరిలా భగ్గున మండే గుణం లేదు మరి.

ప్రొఫెసర్ అయ్యారంటే ఫోర్సెప్స్ పక్కన పెట్టారని అర్థం. పేపర్‌లో తమరికి దక్కేది ఒక్క వాక్యం: శాంపిళ్లను టిన్ క్యాప్స్యూళ్లలో తూచాం. యంత్రం పేరు, మోడల్ నంబరుతో సహా, అసలు పాఠంలో ఉంటుంది. మడిచినవారి పేరు చివర కృతజ్ఞతల్లో, అదీ గుర్తుంటే.

ఈ రాత్రి యంత్రం ఒంటరిగా నడుస్తుంది. ఇరుక్కోకుండా రాలగలరని ప్రార్థన.

ఇట్లు,
తమరి మడతల్లో నలిగినవారు

తా.క.: బ్లాంక్ (శాంపిల్ లేని కొలత) కోసం ఖాళీగా మడిచిన తమరిలోంచి కూడా నైట్రోజన్ శిఖరం వస్తోంది. సంజాయిషీ పంపగలరు.