వెడల్పు దీక్ష

స్పోర్ట్స్ కారు కొన్నవాడు మొదటి వారం దాన్ని ముందు నుంచి చూసి మురుస్తాడు. రెండో వారం పక్క నుంచి చూస్తాడు. మూడో వారం వెనక్కి వెళ్ళి, కాస్త వంగి, టైర్ల వంక చూస్తాడు. పతనమైనా ఉద్ధరణైనా ఆ వంగడంతోనే మొదలు. నేనూ వంగాను.

వెనక నుంచి నా కారు, పంచె ఎగ్గట్టిన పహిల్వానులా కనిపించింది. పైన అంత ఛాతీ, కింద చీపురుపుల్లలు. ఆ పుల్లల మీద 225/45 ఆర్ 17 అని అచ్చేసి ఉంది. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఈ మూడూ కనిపెట్టిన ముగ్గురికీ మాటల్లేవనుకుంటాను.

కంపెనీ వాళ్ళు సన్నటి టైర్లు ఎందుకు వేస్తారో నేను లోతుగా ఆలోచించాను. అసూయ. వేరే కారణం తోచలేదు. 1989లో మాజ్దా తన ఎంఎక్స్-5 స్పోర్ట్స్ కారుని 185 టైర్ల మీద లోకంలోకి వదిలింది. ఏం కోల్పోతున్నారో తెలియక జనం ఆ కారులో మలుపులు తిరుగుతూ నవ్వుకున్నారు, పాపం. 2012లో టయోటా 86 అనే తన స్పోర్ట్స్ కారుకి 215 టైర్లు వేసింది, అదీ పొదుపుకు పేరుపడ్డ ప్రియస్‌కి వాడే రకం. కారు కాస్త జారుతూ తిరిగితే నడిపేవాడికి సరదాగా ఉంటుందట. సరదా కోసం స్పోర్ట్స్ కారు కొంటారా ఎవరైనా?

ఫార్ములా వన్ పెద్దలకు మాత్రం 2017లో జ్ఞానోదయమైంది. ముందు టైరును 245 నుంచి 305కి, వెనక టైరును 325 నుంచి 405కి పెంచారు. ఆ ఏడాది టీవీలో నేను రేసు చూడలేదు, టైర్లే చూశాను. అయితే మంచిని ఎవరు నిలవనిస్తారు? 2026కి వచ్చేసరికి బరువనీ గాలి నిరోధమనీ సాకులు చెప్పి ముందు 25, వెనక 30 మిల్లీమీటర్లు కోసిపారేశారు.

నేను 255కి సిద్ధపడుతున్న రోజుల్లో మా బావమరిది వచ్చాడు. ఫిజిక్స్ మాస్టారు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇంకొకరి సంతోషం గిట్టదు.

"బావగారూ, ఒక చక్రం మీద 350 కిలోల బరువుందనుకోండి. గాలి 32 పీఎస్ఐ. అంటే చదరపు సెంటీమీటరుకు రెండుంపావు కిలోలు. భాగించండి."

భాగించాను. 155 చదరపు సెంటీమీటర్లు తేలింది. అరచేయంత.

"అదీ, కాస్త అటూ ఇటూగా, మీ టైరు నేలను తాకే మేర. ఈ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడైనా వచ్చిందా?"

వెతికాను. రాలేదు.

"అదే బరువు, అదే గాలి ఉంటే వెడల్పు పెంచినా ఆ మేర పెద్దగా పెరగదు. ఆకారం మారుతుంది. నిలువు తగ్గి అడ్డం పెరుగుతుంది. నీళ్ళు అవే, చెంబు వేరు."

అతను నిజాయితీ గలవాడు, అదే అతని లోపం. వెడల్పు తరఫు వాదన కూడా తనే వినిపించాడు. అడ్డంగా పరుచుకున్న టైరు స్టీరింగ్ తిప్పగానే చురుగ్గా పలుకుతుంది. వేడి ఎక్కువ రబ్బరుకు పంచుకుపోతుంది కనక ట్రాక్ మీద రెండో ల్యాపులో ఉన్న పట్టు ఆరో ల్యాపులోనూ ఉంటుంది. కాస్త గాలి తగ్గించుకునే వీలూ దొరుకుతుంది. "ట్రాక్ మీద వెడల్పుకు పని ఉంది, కాదనను. కానీ ముందు రబ్బరు రకం చూడండి. గట్టి రబ్బరు 255 కన్నా మెత్తటి రబ్బరు 225 ఎక్కువ పట్టుకుంటుంది."

"మెత్తదనం వెనక నుంచి కనపడదు కదా," అన్నాను.

అతను నా వంక చాలాసేపు చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నేను మాత్రం లెక్క తెలియనివాణ్ణా? 255/40 ఆర్ 17 వేస్తే చక్రం మొత్తం వ్యాసం పాతదానికన్నా ఒకటిన్నర మిల్లీమీటరే పెరుగుతుంది. స్పీడోమీటరు కూడా గుర్తుపట్టదు. ఇంత శాస్త్రీయంగా ఎంచుకున్నాక, నా ఏడున్నర అంగుళాల రిమ్ము ఆ టైరుకు చాలదని తెలిసింది. కనీసం ఎనిమిదిన్నర కావాలి. కనీసం అన్న మాట నాకు పడదు. తొమ్మిది కొన్నాను.

వెనకటి సన్యాసి గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చాడు. కౌపీన సంరక్షణార్థం అంటారే, అది. ఆ సన్యాసికి ఆఫ్‌సెట్ బాధ ఒక్కటే తప్పింది. రిమ్ము నడిమధ్య నుంచి అది కారుకు బిగిసే చోటు దాకా మిల్లీమీటర్లలో దూరమే ఆఫ్‌సెట్; అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. లోపలున్న సస్పెన్షన్ స్తంభానికి, అదే స్ట్రట్‌కి, తగలకూడదని నేను ఆఫ్‌సెట్ 45 నుంచి 35కి తగ్గించాను. దాంతో రిమ్ము లోపలికి తొమ్మిది మిల్లీమీటర్లు, బయటికి ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు పెరిగింది. బిగించిన రాత్రి ఫోను లైటు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, టైరుకీ మడ్‌గార్డు అంచుకీ మధ్య చిటికెన వేలు పెట్టి చూశాను. గోరు దూరింది. వేలు దూరలేదు. గోరు దూరితే చాలని తీర్మానించాను.

మర్నాడు పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తుంటే గర్ర్‌మని చప్పుడు. లోపలి ప్లాస్టిక్ కవచం మీద నున్నటి గీత, చేత్తో ముడితే వెచ్చగా. నేను దాన్ని గ్రిప్ చప్పుడు అనుకున్నాను. వెనకాల ఎవరో కుర్రాడు నాలుక కరుచుకోవడం అద్దంలో కనిపించింది.

తర్వాత మడ్‌గార్డు అంచులు లోపలికి మడిపించాను. చాల్లేదు. చక్రాల తలలు లోపలికి వంచి క్యాంబర్ మైనస్ రెండున్నర డిగ్రీలు పెట్టించాను. ట్రాక్ మలుపుల్లో కారు ఒరిగినప్పుడు టైరు నిండుగా నేలకు ఆనడానికి అది మంచిదే. కానీ ఇంటి నుంచి ట్రాక్ దాకా, ట్రాక్ నుంచి ఇంటి దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది. ఆ తిన్నటి రోడ్డు మీద బరువంతా లోపలి అంచే మోస్తుంది. కొన్ని నెలలకు టైరు విప్పి చూస్తే బయటివైపు కొత్త పెళ్ళికొడుకులా ఉంది, లోపలి అంచున తీగలు తేలాయి. పాతికన్నర సెంటీమీటర్ల వెడల్పు కొన్నాను. అందులో అరిగేలా వాడింది మూడు వేళ్ళ మేర.

రోడ్డు మీద ఇంకో మర్యాద కూడా గమనించాను. వేరే బండ్ల చక్రాలు చేసిన గాడి ఎటు పోతే నా స్టీరింగ్ అటు లాగుతుంది. నేను కారు నడపడం దాదాపు మానేసినట్టే. అది వెళ్ళే చోటికి తోడు వెళ్తున్నాను. ఇక వాన. టైరు వెడల్పైన కొద్దీ పక్కకు నెట్టాల్సిన నీళ్ళెక్కువ, తక్కువ వేగానికే తేలిపోతుంది. నా ట్రాక్ రబ్బరుకు గాడుల లోతు కూడా తక్కువ. ఒక సాయంత్రం నిలిచిన నీళ్ళ మీద స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది, దూదిలా. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టాను. మూడుకి మళ్ళీ బరువొచ్చింది. ఆ రెండు అంకెల మధ్య నా దగ్గర 255 మిల్లీమీటర్ల టైర్లు నాలుగు ఉన్నాయి, రోడ్డు మాత్రం లేదు.

ట్రాక్ మీద ల్యాప్ టైము మెరుగైంది, దాచను. ఎంత మెరుగైందో చెప్పను. అందులో కొత్త మెత్తటి రబ్బరు వంతెంత, వెడల్పు వంతెంత అని బావమరిది ఫోను చేసి అడిగాడు. సిగ్నల్ సరిగా లేదన్నాను.

చివరికి రాజీకి వచ్చాను. రోడ్డుకు పాత 225లు, ట్రాక్‌కి 255లు. ట్రాక్ చేరాక మార్చుకోవడమే. అయితే నాలుగు చక్రాలు స్పోర్ట్స్ కారు డిక్కీలో పట్టవు. పక్క సీట్లో ఒకటి కూర్చుంటుంది, బెల్టు కూడా పెట్టాను. మిగతా మూడింటికి ట్రైలర్ కావాలి. ట్రైలర్ లాగడానికి ఒక పెద్ద బండి కావాలి. నిన్న అలాంటిదొకటి చూసొచ్చాను. ఎత్తుగా, దిట్టంగా బాగుంది. వెనక్కి వెళ్ళి, కాస్త వంగి చూశాను.