కట్ పడని ఆ 3 నిమిషాలు

థ్రిల్లర్ తొలి సన్నివేశంలో ఉత్కంఠకు ప్రాణం నేపథ్య సంగీతమేనన్న ఒక వ్యాస రచయిత అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. అమెరికన్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీయగా 1958లో విడుదలైన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ సినిమా ఆరంభాన్నే చూడండి. ఒక చేయి బాంబుకు టైమర్ తిప్పుతుంది, ఆ బాంబు కారు డిక్కీలోకి చేరుతుంది, ఆపైన క్రేన్ మీది కెమెరా ఆ కారునూ, దానికి దగ్గరలోనే నడుస్తున్న జంటనూ వెంబడిస్తుంది. ఇదంతా 3 నిమిషాలకు పైగా సాగే ఒకే షాట్. ప్రమాదం మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. కట్ పడితే మనం కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్లం, దర్శకుడు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. వెల్స్ రాసిపెట్టిన సూచనల ప్రకారం 1998లో తిరిగి కూర్చిన ప్రతిలో తెరమీది పేర్లనూ, హెన్రీ మాన్సినీ సంగీతాన్నీ అక్కడ తొలగించి, వీధి చప్పుళ్లనూ కారు రేడియోనూ ఉంచారు. నాకైతే అదే ఎక్కువ గుబులు పుట్టించింది.

మా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున, వేలం కేకల మధ్య ఒక బోటు ఇంజను ఉన్నట్టుండి ఆగిపోతే తలలన్నీ అటే తిరుగుతాయి. బీచ్ రోడ్డు మీద డ్రోన్ షాట్‌తో మొదలుపెట్టే మన దర్శకులలో ఒక్కరైనా ఆ నిశ్శబ్దాన్ని వాడుకుంటే చూడాలని ఉంది.