జేబెడు చక్కెర, ఓడెడు ధర్మం

విక్టోరియా రాణి సింహాసనమెక్కిన రెండేళ్లకు, 1839లో, థేమ్స్ నది మీద పడవల్లో గస్తీ తిరిగే పోలీసులను లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖలో ఒక విభాగంగా కలిపేశారు. అదే ఏడాది జూన్‌లో చైనాలో లిన్ జెషు అనే అధికారి, పెర్ల్ నది ముఖద్వారం దగ్గర, బ్రిటిష్ వర్తకుల నుంచి స్వాధీనం చేసుకున్న ఇరవై వేలకు పైగా నల్లమందు పెట్టెలను గోతుల్లో పోయించి, ఉప్పూ సున్నమూ కలిపి సముద్రంలోకి వదిలేశాడు. నది మీద అక్రమ సరుకును పట్టుకోవడమే రెండుచోట్లా జరిగిన పని. థేమ్స్ మీద ఆ పని చేసినవారికి బ్రిటిష్ ప్రభుత్వం జీతాలిచ్చింది, పెర్ల్ నది మీద చేసినవారి మీదికి యుద్ధనౌకలను పంపింది. ఆ యుద్ధం ముగిశాక కుదిరిన నాన్‌జింగ్ ఒప్పందంలో, తగలబడిపోయిన పరువుకు కాదు గానీ, పోయిన నల్లమందుకు మాత్రం చైనా నుంచి అరవై లక్షల డాలర్లు వసూలు చేసుకున్నారు. ఇందులో వైరుధ్యం కనిపిస్తోందని కొందరు గొణుగుతుంటారు. వారికి నదీ న్యాయశాస్త్రంలో ఓనమాలు రావని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ శాస్త్రానికి ఆద్యుడు పాట్రిక్ కహూన్ అనే మేజిస్ట్రేటు. థేమ్స్ మీద పొట్టపోసుకునే 33 వేల మందిలో 11 వేల మంది దొంగలేననీ, వారి వల్ల ఏటా అయిదు లక్షల పౌండ్ల సరుకు పోతోందనీ ఆయన లెక్క తేల్చాడు. దొంగలు తమ వివరాలను నమోదు చేయించుకునే అలవాటు లేనివారు కనుక, ఈ అంకె ఎలా వచ్చిందని అడగడం మర్యాద కాదు. వెస్టిండీస్ చక్కెర వర్తకులు ఆ మర్యాద పాటించి, అడగకుండానే 4,200 పౌండ్లు చందా వేశారు. 1798 జూలైలో లండన్‌లోని వాపింగ్ ఒడ్డున నదీ పోలీసు కార్యాలయం తెరుచుకుంది. ఏడాది తిరిగేసరికి 1,22,000 పౌండ్ల సరుకును కాపాడామని ఆ కార్యాలయమే ప్రకటించింది. ఫిర్యాదుదారే పోలీసుకు జీతమిచ్చి, పోలీసే తన పనితనానికి తానే మార్కులు వేసుకునే ఈ పద్ధతిలో జాప్యానికి తావుండదు. 1800లో పార్లమెంటు కూడా ముచ్చటపడి దీన్ని ప్రభుత్వ ఖాతాలోకి తీసుకుంది.

ఇంతకూ ఆ 11 వేల మంది చేసిన ఘోరం ఏమిటి? ఓడలో చక్కెర పీపాలు దించే కూలీలు ఒలికిన చక్కెరను, అడుగున మిగిలిన తుడుపును తమ వాటాగా ఇంటికి పట్టుకుపోయేవారు. చొక్కా లోపల సంచులు కుట్టించుకుని, చక్కెరా కాఫీ గింజలూ నింపుకుని, దిగేటప్పుడు రెట్టింపు లావై దిగేవారూ ఉండేవారు. వారిని ‘హెవీ హార్స్‌మెన్’ అనేవారు. ఎలుకలు పట్టే నెపంతో ఓడెక్కి, తామే ఎలుకలను తెచ్చి వదిలి, వాటిని పట్టినందుకు కూలి పుచ్చుకుని, సందు దొరికితే సరుకూ సర్దేసే మహానుభావుల గురించి కహూన్ గారే రాశాడు. వీరంతా శుద్ధపూసలని నేననడం లేదు. కాకపోతే, తరతరాలుగా కూలిలో భాగంగా చెల్లిన తుడుపు చక్కెర ఒక్క ఉదయంలో దొంగసొత్తుగా మారిపోయిందని తెలిసినప్పుడు వారికి కోపం వచ్చింది. బొగ్గు దొంగతనం కేసులో కొందరికి శిక్ష పడిన 1798 అక్టోబరు రోజున జనం వాపింగ్ కార్యాలయం మీదికి రాళ్లతో వచ్చిపడ్డారు. ఆ కల్లోలంలో పోలీసుల తరఫున ఉన్న గేబ్రియల్ ఫ్రాంక్స్ ప్రాణం పోయింది.

చక్కెర గురించి అంతగా కలతపడ్డవారిలో రాబర్ట్ మిలిగన్ అనే వెస్టిండీస్ వర్తకుడు ఒకరు. నది మీద పోతున్న సరుకును చూసి గుండె చెరువై, లండన్‌లో ఎత్తయిన గోడలతో కోటలాంటి వెస్టిండియా రేవును కట్టించడానికి ఆయన నడుం కట్టాడు. 1802లో అది ప్రారంభమైంది. 1809లో ఆయన కన్నుమూసేనాటికి జమైకాలో ఆయన ఆస్తి జాబితాలో 526 మంది బానిసలు ఉన్నారు. లండన్‌లో ఒక కూలీ ఆ చక్కెరలో గుప్పెడు తీసుకుంటే అది దొంగసొమ్ము. ఆ చక్కెరను పండించిన మనుషుల్ని ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన సంగతి వాపింగ్ పరిధిలోకి రాదు. పోలీసు స్టేషన్‌కు పరిధి అనేది ఎంత అవసరమో మన దగ్గర ఫిర్యాదు రాయించడానికి రెండు స్టేషన్ల మధ్య తిరిగినవారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసినప్పుడు రెండు కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించారు. అది యజమానులకు. బానిసల చేతికి ఒక్క పెన్నీ కూడా రాలేదు. బాధితుణ్ణి సరిగ్గా గుర్తించడంలో ఆ శాసనసభ ఎన్నడూ పొరపడలేదు.

విక్టోరియా కాలానికి రేవుల చుట్టూ గోడలు లేచాయి, గేటు దగ్గర కూలీల ఒళ్లు తడిమి పంపించడం నిత్యకృత్యమైంది. ఇక నదీ పోలీసు దృష్టి సహజంగానే మరింత ప్రమాదకరమైన వర్గం మీదికి మళ్లింది. వారినే మడ్‌లార్క్‌లు అనేవారు. పోటు తీసినప్పుడు బయటపడే బురదలో మోకాళ్ల లోతు దిగి, పడవల్లోంచి జారిన బొగ్గు ముక్కలూ తాడు పీలికలూ ఎముకలూ రాగి మేకులూ ఏరుకునే పిల్లలు, ముసలివాళ్లు వీరు. 1850 ప్రాంతంలో హెన్రీ మేహ్యూ అనే పాత్రికేయుడు వీరిని కూర్చోబెట్టి మాట్లాడించాడు. పధ్నాలుగు పౌండ్ల బొగ్గుకు ఒక పెన్నీ, అయిదు పౌండ్ల ఇనుముకు ఒక పెన్నీ. రాగి మేకులకు పౌండుకు నాలుగు పెన్నీలు పలికేవి కానీ అవి దొరకడమే అరుదు. కాలికి గాజు పెంకు గుచ్చుకుంటే ఇంటికి పరిగెత్తి, కట్టు కట్టుకుని, మళ్లీ బురదలోకి దిగాల్సిందే. ఏమీ దొరక్కముందే పోటు వచ్చేస్తే మళ్లీ నీరు తీసేదాకా పస్తు. బొగ్గు పడవ ఎక్కిన నేరానికి జైలుకెళ్లొచ్చిన ఒక కుర్రాడు, అక్కడ కోటూ బూట్లూ మేజోళ్లూ ఇచ్చారనీ, తిండి చాలకపోయినా ఖాళీ కడుపుతో పడుకోవాల్సి వస్తుందనే భయం మాత్రం ఉండేది కాదనీ చెప్పాడు. శిక్షకు భయపడకపోవడం కరడుగట్టిన నేరస్థుడి లక్షణమని అందరికీ తెలిసిందే.

నదిలో శవాలు తేలుతుండేవి. వాటిని ఒడ్డుకు చేర్చేది వలలు ఈడ్చుకుని బతికే డ్రెడ్జర్‌మెన్. శవాన్ని అప్పగిస్తే వారికి కొంత ముట్టేది. విచిత్రమేమిటంటే, వారు తెచ్చిన ఏ శవం జేబులోనూ చిల్లిగవ్వ ఉండేది కాదు. దీనికి వారు చెప్పే సమాధానం కూడా మేహ్యూ రాసి పెట్టాడు: మేం తీసుకోకపోతే పోలీసులు తీసుకుంటారు కదా! చట్టం పట్ల ప్రజల్లో ఇంతటి విశ్వాసాన్ని నెలకొల్పిన శాఖలు తక్కువ.

లండన్ రేవులో ‘రాణిగారి పొగాకు పైపు’ అనే కొలిమి ఒకటి ఉండేది. సుంకం కట్టని, పాడైన పొగాకును అందులో వేసి కాల్చేవారు. గొట్టంలోంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే, రేవు గేటు దగ్గర జేబులో పొగాకు ఆకుతో దొరికిన కూలీని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లేవారు.

ఇంత జాగ్రత్త కలిగిన శాఖకు దశాబ్దాల పాటు తెడ్లు వేసే పడవలే దిక్కు. ఇన్‌స్పెక్టరు చుక్కాని పడితే కానిస్టేబుళ్లు తెడ్లు వేసేవారు. బొగ్గు ముక్కల వెంట పడడానికి ఆ వేగం సరిపోయేది. 1878 సెప్టెంబరు 3 సాయంత్రం ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార నౌకను, బైవెల్ కాసిల్ అనే బొగ్గు ఓడ ఢీకొట్టింది. నగరపు మురుగు అప్పుడే వదిలిన నీళ్లలో ఆరు వందల మందికి పైగా మునిగిపోయారు. ఆ తర్వాతే నదీ పోలీసుకు ఆవిరి పడవలు అవసరమని పెద్దలకు తోచింది. అవి కూడా 1880ల నడుమ గానీ నీళ్లలోకి దిగలేదు. చక్కెర పోతోందని 1798లో ఒక పోలీసు శాఖనే పుట్టించినవారు, మనుషులు పోతే ఒక ఇంజను కొనడానికి ఏళ్లు తీసుకున్నారంటే, ప్రభుత్వ ధనం ఖర్చు పెట్టేటప్పుడు ఆచితూచి అడుగేయాలన్న బాధ్యత వారిలో ఎంత బలంగా ఉండేదో ఊహించుకోవచ్చు.

వాపింగ్‌లో నదీ పోలీసులు ఇప్పటికీ ఉన్నారు. వెస్టిండియా రేవు పక్కన నిలబెట్టిన మిలిగన్ విగ్రహాన్ని 2020 జూన్‌లో తొలగించారు. బురదలో ఏరుకోవడం ఇప్పుడు లండన్ వాసులకు గౌరవప్రదమైన కాలక్షేపమైంది, ముందుగా లండన్ పోర్టు అథారిటీకి దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, అనుమతి పత్రం తెచ్చుకోవాలి. ఆ పత్రం లేకుండా వంగి ఏది ఏరినా నిబంధనల ఉల్లంఘనే.