కిలో బియ్యం మూడు రూపాయల యాభై రెండు పైసలు

మా వీధి కొట్టులో మొన్న కిలో బియ్యం రేటు విని నాకు కోపం రాలేదు, జాలేసింది. పాపం, కొట్టు బాబాయికి అంతర్జాతీయ చట్టం తెలీదు. ప్రపంచ వాణిజ్య సంస్థ లెక్కలో మన బియ్యం కిలో 3 రూపాయల 52 పైసలు. నిన్న అంతే, రేపూ అంతే.

ఇది నా సొంత కవిత్వం కాదు. 1986-88లో పలికిన ధరల సగటు తీసి, దాన్ని 1994లో మొరాకోలోని మరకేష్‌లో సంతకాలు చేసిన వ్యవసాయ ఒప్పందంలో మేకు కొట్టి బిగించారు. మన దగ్గర ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇస్తున్న రోజులవి. ఆ తర్వాత 13 రూపాయల డాలరు 80 దాటేసింది. 23 దేశాలతో మొదలైన గాట్ అనే పాత వాణిజ్య ఒప్పందం కాస్తా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) అయింది, సభ్యదేశాలు 166కి చేరాయి. ఆ మేకు మాత్రం కదల్లేదు.

ఇక లెక్క చూడండి. 2025-26లో వడ్లకి మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. మిల్లాడిస్తే బియ్యం కిలో సుమారు 35 పడుతుంది. మూడున్నర రూపాయల సరుకుని 35 పెట్టి కొన్నాం గనుక, తేడా అంతా రైతుకి మనం దోచిపెట్టిన సబ్సిడీ! ఎరువుకి, డీజిలుకి, కోత కూలికి 1986 నాటి రేట్లు ఎందుకు లేవని అడక్కండి. అవి ఒప్పందం పరిధిలోకి రావు.

ఈ సబ్సిడీ పంట విలువలో 10 శాతం దాటకూడదు. మనవాళ్లూ తక్కువ తినలేదు, రూపాయలు వదిలేసి లెక్క డాలర్లలో చూపిస్తున్నారు; రూపాయి పడిపోయింది గనుక డాలర్లలో తేడా చిన్నగా కనబడుతుంది. అయినా 2018-19లో గీత దాటేశాం. 4,367 కోట్ల డాలర్ల బియ్యానికి 500 కోట్ల డాలర్ల సాయం తేలింది. ధనిక దేశాలకి ఈ టెన్షన్ లేదు. వాళ్లిచ్చేది చాలావరకు 'గ్రీన్ బాక్స్'లో, అంటే వ్యాపారానికి పెద్దగా చెరుపు చేయదని పరిమితి పెట్టకుండా వదిలేసిన సాయాల ఖాతాలో పడుతుంది, ఆ పెట్టెకి అడుగే లేదు. డబ్బు మంచిదో చెడ్డదో పెట్టె రంగే చెబుతుంది.

గీత దాటితే శిక్ష ఉండాలి కదా? ఉండదు. 2013లో బాలిలో 'శాంతి నిబంధన' అని ఒకటి రాసుకున్నారు. శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఎవరూ కేసు పెట్టకూడదు. ఆ పరిష్కారానికి గడువు పదకొండో మంత్రుల సమావేశం. అది 2017లో బ్యూనస్ ఏర్స్‌లో జరిగింది, అందరూ ఫొటో దిగి ఇళ్లకెళ్లారు. మనూళ్లో తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డు ఎన్నాళ్లుంటుందో తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ కనబడదు.

ఎందుకు తేలదంటే, అక్కడ అన్నీ ఏకాభిప్రాయంతోనే. మనకి మౌనం అర్ధాంగీకారం, ఆ సంస్థ ఉండే జెనీవాలో మౌనం పూర్తి అంగీకారం. గదిలో ఉన్నవాళ్లెవరూ అడ్డు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఒక్కరు గొంతు సవరించుకున్నా మళ్లీ మొదటికే. 2001లో మొదలైన దోహా వాణిజ్య చర్చలు అలా గొంతులు సవరించుకుంటూనే ముసలివైపోయాయి.

ఆ సంస్థ కోర్టు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. అప్పీలు వినాలంటే ముగ్గురు జడ్జీలు కావాలి. కొత్తవాళ్లని వేయనివ్వకుండా అమెరికా అడ్డుపడటంతో 2019 డిసెంబరుకి ఒక్కరే మిగిలారు, మరుసటి ఏడాది ఆ కుర్చీ కూడా ఖాళీ. అయినా అప్పీలు హక్కు మాత్రం పదిలంగా ఉంది. మన చెరకు, చక్కెర సబ్సిడీల మీద వేసిన కేసులో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా మన మీద గెలిస్తే, 2021 డిసెంబరులో మనం ఆ ఖాళీ కుర్చీలకే అప్పీలు పెట్టుకున్నాం. వినేవాడు లేడు గనుక ఓడిపోయే ప్రమాదమూ లేదు. ఇంత భద్రమైన న్యాయస్థానం మన జిల్లా కేంద్రాల్లో కూడా లేదు.

ఇవన్నీ కొట్టు బాబాయికి ఓపిగ్గా వివరించి, పాతిక కిలోల బస్తాకి 88 రూపాయలు గల్లాపెట్టె మీద పెట్టాను. మిగతాది శాశ్వత పరిష్కారం దొరికాక ఇస్తానన్నాను. ఆయన నా డబ్బులు నాకే జరిపి, తలెత్తకుండా వెనకున్న బోర్డు వైపు వేలు చూపించాడు.

'నేడు నగదు - రేపు అరువు.'