హాల్లో అడవి, సీసాలో చేపలు

మా ఆయన స్టీల్ ప్లాంటులో ఉద్యోగం చేసినంత కాలం మా ఇంట్లో పచ్చదనమంటే ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్టే. రిటైరయ్యాక ఫోన్లో వీడియోలు చూడ్డం మొదలుపెట్టారు. ఒక వీడియోలో ఎవరిదో ఇల్లు. తెల్లటి గోడలు, మూలన పెద్ద పామ్ మొక్క, దాని పక్కన కుర్చీలో ఒకమ్మాయి కాఫీ తాగుతూ పుస్తకం చదువుతోంది. "మన హాలు ఇలా ఎందుకుండకూడదు?" అన్నారు. మన హాల్లో ఒక మూల ఇస్త్రీ బల్ల, ఇంకో మూల బియ్యం డ్రమ్ము ఉన్నాయి కాబట్టి అని నేను చెప్పబోయేసరికే ఆయన కారు తాళాలు వెతుక్కుంటున్నారు.

వైజాగ్‌లో నర్సరీలకేం కరువు లేదు. అయినా ఆయన దృష్టిలో మొక్కంటే కడియం మొక్కే. ఎంవీపీ కాలనీలో మా ఇంటి నుంచి రాజమండ్రి పక్కనున్న కడియం దాదాపు 200 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ముందు సీట్లో నేను కూర్చున్నాను. వచ్చేటప్పుడు అది అరెకా పామ్‌ది అయింది. దానికి సీటు బెల్టు కూడా పెట్టారు. నేను వెనక స్నేక్ ప్లాంట్ల మధ్య ఇరుక్కుని, ఒళ్ళో పీస్ లిల్లీని పట్టుకుని కూర్చున్నాను. టోల్ గేటు దగ్గర కుర్రాడు కారులోకి తొంగిచూసి, "పెళ్ళి మండపానికా సార్?" అన్నాడు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో షిఫ్టులు మొదలయ్యాయి. ఎండ మా బాల్కనీలో ఒక్క పక్కే పడుతుంది కాబట్టి మొక్కలన్నీ వంతులవారీగా డ్యూటీకి వెళ్ళాలి. పొద్దున్న ఆరింటికి ఎ షిఫ్ట్ బాల్కనీలోకి, రెండింటికి బి షిఫ్ట్, రాత్రి పదింటికి అందరూ లోపలికి. అప్పటిదాకా నేను తలుపు వేయడానికి లేదు. ఒక లాగ్ బుక్కు కూడా పెట్టారు. "పీస్ లిల్లీ మధ్యాహ్నం తల వాల్చింది. నీళ్ళిచ్చాక కోలుకుంది." ఇలా ఉంటాయి అందులో ఎంట్రీలు. అదే వారంలో నేను జ్వరంతో పడుకున్నాను. నా గురించి ఎంట్రీ ఏదీ లేదు, వెతికి చూశాను.

ఏమన్నా అంటే హుద్‌హుద్ గుర్తు చేస్తారు. 2014 అక్టోబర్‌లో ఆ తుఫానుకి ఊళ్ళో ఎన్ని చెట్లు కూలిపోయాయో మర్చిపోయావా, మన వంతు మనం చెయ్యొద్దా అంటారు. బీచ్ రోడ్డు మీద కూలిన చెట్టుకి మా సోఫా వెనకాల స్నేక్ ప్లాంటు ఎలా బదులవుతుందో అడిగితే, "నీకు సైన్స్ తెలీదు" అని నాసాని దింపారు. ఇంట్లో గాలిని మొక్కలు శుభ్రం చేస్తాయని 1989లోనే నాసా వాళ్ళు తేల్చారట. హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్లో, "నాన్నా, అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. మామూలు ఇంట్లో కిటికీలోంచి వచ్చే గాలి చేసేంత పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో లెక్క కట్టారు" అంది. హమ్మయ్య, ఒప్పుకుంటారు అనుకున్నాను. ఆయన టేపు తెచ్చి హాలు కొలిచారు. "20 చదరపు మీటర్లు. అంటే తక్కువలో తక్కువ 200 మొక్కలు. మనం చాలా వెనకబడి ఉన్నాం."

ఈలోగా జెడ్‌జెడ్ ప్లాంటు కాలం చేసింది. అది అడుగున దుంపల్లో నీళ్ళు దాచుకుని ఎన్నాళ్ళైనా బతికే రకం. మా ఊరి గాలికి ఉతికిన తువ్వాలే ఆరదు, ఇంక కుండీలో కొబ్బరి పొట్టు ఎక్కడ ఆరుతుంది? దానికి రోజూ నీళ్ళు. కుళ్ళిపోయింది. ఆ తడి మట్టిలోంచి లేచిన చిన్న చిన్న ఈగలు నా కాఫీలో పడ్డాయి. లాగ్ బుక్కులో మాత్రం "సహజ మరణం" అని రాశారు.

తర్వాతది మనీ ప్లాంట్. దొంగిలించి తెచ్చిన మనీ ప్లాంటే కలిసొస్తుందని ఎవరో చెప్పారు. మా ఆయన జన్మలో టికెట్ లేకుండా ప్లాట్‌ఫారం కూడా ఎక్కలేదు. అందుకని ముందురోజు సాయంత్రం ఎదురు ఫ్లాట్ టీచరు గారి తలుపు కొట్టి, "అక్కయ్యగారూ, రేపు తెల్లవారుజామున మీ మనీ ప్లాంట్ తీగ ఒకటి దొంగిలిద్దామనుకుంటున్నాను. మీకేం అభ్యంతరం లేదు కదా?" అని అడిగారు. ఆవిడ పాపం ఒక కత్తెర కూడా తీసి గుమ్మం దగ్గర పెట్టారు.

ఆ తీగని ముక్కలు చేసి సీసాల్లో పెట్టారు. మామూలు సీసాలు కాదు, పాత సామాన్ల కొట్టులో ఏరి తెచ్చిన విదేశీ విస్కీ సీసాలు. గాజు మందంగా ఉంటుందట, లేబుల్ చింపితే అందం పోతుందట. టీవీ పక్కన, కిటికీ గట్టు మీద, చివరికి దేవుడి గది గుమ్మం పక్కన కూడా. నేను సాయిబాబా ఫోటో పక్కనున్న సీసాని ఒక్కదాన్నే గోడవైపు తిప్పి పెట్టగలిగాను. నీళ్ళు మార్చితే వేళ్ళు కంగారుపడతాయని మార్చలేదు, తరిగిన మేరకి పైనుంచి నింపేవారు.

దసరా సెలవులకి మనవడు వచ్చాడు. వాడు వచ్చిన మర్నాడే, "తాతా, సీసాలో చేపపిల్లలు!" అని అరిచాడు. తాతగారు కళ్ళజోడు లేకుండా చూసి, "వేళ్ళు నాన్నా అవి" అన్నారు. "వేళ్ళు డాన్స్ చేస్తాయా? నేను సీసా మీద కొడితే కిందికి ఈదుతున్నాయి చూడు" అన్నాడు వాడు. ఎవరూ పట్టించుకోలేదు. వాడు రోజూ మారీ బిస్కెట్ పొడి చేసి వేసేవాడు.

తర్వాత పట్టపగలే దోమలు మొదలయ్యాయి. చీలమండల దగ్గరే కుట్టేవి. దోమల్ని తరుముతుందని ఈయన నిమ్మగడ్డి కుండీ తెచ్చారు. దోమలు దాని మీదే కూర్చుని కాసేపు సేద తీరేవి. ఇక లాభం లేదని అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి పెద్ద ఉత్తరం రాశారు. వెనకవైపు కాలువ శుభ్రం చేయించట్లేదనీ, తక్షణం మలేరియా వాళ్ళని పిలిపించాలనీ.

ఆ శుక్రవారమే వాళ్ళు వచ్చారు. కాలువ చూశారు. అందులో నీరు పారుతూనే ఉంది. "కంప్లైంట్ ఇచ్చిన ఇల్లు ఏదండీ?" అని అడిగి సెక్రటరీ గారితో సహా మా హాల్లోకి వచ్చారు. ఒకావిడ ఫోన్ లైటు వేసి సీసా పైకెత్తి చూసింది.

"ఏటి సార్ ఇది? బయట కాలువంటారు, ఇంట్లో పెంచుతున్నారు. శుక్రవారం డ్రై డే అని చెప్తూనే ఉన్నాం కదా."

"నేను రోజూ నీళ్ళు నింపుతున్నానమ్మా" అన్నారు ఈయన.

"అదే సార్. ఈ దోమ నీళ్ళకి కాస్త పైన సీసా గోడకి గుడ్లు పెడతాది. మీరు నింపినప్పుడల్లా మునిగి పిల్లలవుతాయి. వారానికోసారి పారబోసి లోపల బాగా రుద్దాలి."

మనవడు మధ్యలో దూరి, "అవి నావి! నేను బిస్కెట్లు కూడా పెడుతున్నాను" అన్నాడు. ఆవిడ మా ఆయన వైపు చూసింది. "మేపుతున్నారేటి సార్?"

సీసాలన్నీ వరసగా సింకులో ఖాళీ అవుతుంటే పిల్లాడు ఒకటే ఏడుపు. సెక్రటరీ గారు మాత్రం ఒక సీసాని చేత్తో పట్టుకుని శ్రద్ధగా ఫోటో తీశారు. సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపులో పడింది. "మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉన్నాయేమో చూసుకోగలరు" అని కింద రాశారు. లార్వా ఎవరికీ కనిపించలేదు. లేబుల్ అందరికీ కనిపించింది.

"అన్నయ్యగారికి అలవాటుందని ఇన్నాళ్ళూ తెలీదు వదినగారూ" అని కింది ఫ్లాట్ ఆవిడ నాకు విడిగా మెసేజ్ పెట్టింది. ఇంకొకాయన "ఇలాంటివి" అన్న మాట దగ్గర బొటనవేలు గుర్తు పెట్టాడు. ఈయన గ్రూపులో వివరణ టైపు చేస్తుండగా కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో నాలుగో ఫ్లోర్ ఆయన. ఎప్పుడూ లిఫ్టులో పలకరించను కూడా పలకరించని మనిషి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

"ఏం లేదు సార్, మీ మొక్కలు చూసి పోదామని" అన్నాడు. చేతిలో వేయించిన పలాస జీడిపప్పు పొట్లం.