క్లాసు కాదు, మిషన్ పక్కన అట్టముక్క కావాలి

ఫ్యాక్టరీ కార్మికులకు శిక్షణ తరగతులు ఇంకా పెంచాలని మీరు మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో పనిచేస్తాను. మూడు రోజులు ఏసీ గదిలో స్లైడ్లు చూపించి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చారు. నెల తర్వాత నైట్ షిఫ్టులో బస్తా నింపే గొట్టం జామ్ అయితే ఒక్క స్లైడూ గుర్తు రాలేదు. మా సీనియర్ అన్న మిషన్ పక్కన అంటించిన అట్టముక్కే ఆదుకుంది: ముందు కరెంటు ఆపు, తర్వాత గాలి వాల్వు మూయి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. మనిషి నేర్చింది ఎంత త్వరగా మర్చిపోతాడో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చెప్పాడు కదా! మీరు మెచ్చుకున్న 'యాడీ' (ADDIE) పద్ధతి, అంటే శిక్షణను అంచెలంచెలుగా రూపొందించే పద్ధతి, 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా సైన్యం కోసం తయారుచేసింది. సైన్యానికి తీరికుందేమో, మాకు బయట లారీలు నిలబడి ఉంటాయి. ఆ అట్టకు లామినేషన్ చేయించమంటే ట్రైనింగ్ బడ్జెట్‌లో ఆ పద్దు లేదన్నారు.